చివరి వంద కిలోమీటర్లకే ఎందుకంత తొందర?

సైకిల్ మాస్టారు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎండ గురించే. మొదటిదానికి కాస్త పొడుగ్గానే జవాబు రాశాను. మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి, అందులో మీకు కూడా పనికొచ్చే సంగతులున్నాయి.

ప్రశ్న: మాస్టారూ, నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. సొంతూరు వైజాగే. ఈ మే నెలలో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి హైదరాబాద్ నుంచి ఇంటికి సైకిల్ మీద బయల్దేరాం. రాత్రి మకాములు సూర్యాపేట, విజయవాడ, తాడేపల్లిగూడెం, అన్నవరం. సూర్యాపేట దగ్గర 42 డిగ్రీల ఎండలో కూడా నాకేమీ కాలేదు. చివరి రోజు అన్నవరంలో సత్యనారాయణ స్వామి దర్శనం చేసుకుని 8 గంటలకు రోడ్డెక్కాం. ఫోన్‌లో చూస్తే 36 డిగ్రీలే. పైగా గాలి వెనక నుంచి తోస్తోంది, సైకిల్ దానంతటదే పోతున్నట్టుంది. నక్కపల్లి దాటాక తల బరువెక్కింది. ఎలమంచిలి దగ్గర మిట్టమధ్యాహ్నం ఎండలో చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని చలేసింది. కడుపులో తిప్పింది. నీళ్ళు తాగు, నీళ్ళు తాగు అని ఫ్రెండ్స్ అంటుంటే గంటలో 3 లీటర్ల దాకా తాగేశాను. తలనొప్పి తగ్గకపోగా పెరిగింది. చివరికి కశింకోటలో సైకిల్‌ని ట్రాలీ ఆటోలో వేసుకుని ఇంటికొచ్చాను. తక్కువ ఎండలో ఇలా ఎందుకైంది? ఇంకో 40 కిలోమీటర్లు ఎలాగోలా తొక్కేయాల్సిందేమో అని ఇప్పటికీ బాధగానే ఉంది.
– కె. ఆర్., మద్దిలపాలెం

జవాబు: బాబూ, ముందు నీ ఆఖరి మాట సంగతి తేల్చేద్దాం. ఆ రోజు మీ ముగ్గురూ చేసిన పనుల్లో తెలివైనది ఒకటుంటే, అది ట్రాలీ ఆటోని ఆపడం. కశింకోట నుంచి బీచ్ రోడ్డు దాకా ఉన్న ఆ నలభై కిలోమీటర్లు ఎక్కడికీ పోవు. డిసెంబరులో ఏదో ఒక ఆదివారం పొద్దున్న వెళ్ళి తొక్కుకో. మిగతావాళ్ళు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నా లెక్కలో నీ ప్రయాణం పూర్తయినట్టే.

ఇక తక్కువ ఎండలో ఎందుకైంది అన్నావు. అది తక్కువ ఎండ కాదు. ఫోన్ నీకు చూపించింది గాలి వేడి మాత్రమే, గాలిలో తేమ ఎంతుందో నువ్వు చూసుకోలేదు. మనం తొక్కేటప్పుడు కండరాలు ఖర్చు పెట్టే శక్తిలో చక్రానికి చేరేది నాలుగో వంతు, అంతకన్నా తక్కువే. మిగతా మూడొంతులూ ఒంట్లో వేడిగా మిగిలిపోతుంది. ఆ వేడిని బయటికి పంపడానికి ఎండాకాలంలో మనకున్న దారి చెమట ఒక్కటే. అదీ చెమట పట్టినంత మాత్రాన కాదు, ఆరితేనే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే దాదాపు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. గడ్డం మీంచి కారి రోడ్డు మీద పడిన చెమట ఏమీ తీసుకుపోదు. సూర్యాపేట దగ్గర గాలి పొడిగా ఉంటుంది, చెమట పట్టినట్టు కూడా తెలియకుండా ఆరిపోతుంది. తుని దాటి సముద్రానికి దగ్గరపడే కొద్దీ గాలిలో ఉప్పు తేమ పెరుగుతుంది. ముసురు పట్టిన రోజు దండెం మీద బట్టలు ఎంత ఆరతాయో నీ ఒంటి మీద చెమటా అంతే ఆరుతుంది.

దానికి తోడు నీకు అంత హాయిగా అనిపించిన ఆ వెనక గాలి. ఎండాకాలంలో మన కోస్తాలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. విజయవాడ నుంచి విశాఖ వైపు తొక్కేవాళ్ళకి అది వీపు మీద చెయ్యేసి తోస్తుంది. కాళ్ళకి సుఖమే. కానీ లెక్క చూడు. నువ్వు గంటకి 22 కిలోమీటర్ల వేగంతో పోతున్నావు, వెనక గాలి 15 కిలోమీటర్లతో వస్తోంది. నీ ఒంటికి తగిలే గాలి 7 కిలోమీటర్లే. అంటే నడిచేవాడికి తగిలేంత కన్నా కాస్త ఎక్కువ. ఎదురుగాలైతే తిట్టుకుంటూ తొక్కేవాడివి గానీ ఒళ్ళు చల్లబడేది. ఈ గాలి మోసం ఎవరూ చెప్పరు. పైగా "ఈరోజు సూపర్‌గా పోతున్నాం" అని ఇంకాస్త జోరు పెంచుతారు.

మూడోది, నాలుగు రోజుల బాకీ. ప్రతి సాయంత్రం లాడ్జికి చేరి అలసటతో తిండి సగం తిని పడుకుని ఉంటారు. పోయిన నీళ్ళూ ఉప్పూ పూర్తిగా తిరిగి రాకుండానే మర్నాడు సైకిలెక్కుతారు. ఏసీ ఆఫీసులోంచి నేరుగా మే నెల రోడ్డు మీదికి వచ్చినవాడి ఒళ్ళు ఎండకి అలవాటు పడాలంటే వారం నుంచి రెండు వారాలు కావాలి. నీ ప్రయాణం ఆ అలవాటు పూర్తయ్యేలోపే అయిపోయింది. ఎండలో చలేయడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, కడుపులో తిప్పడం, ఇవన్నీ ఒళ్ళు ఇక నా వల్ల కాదని చెప్పే గుర్తులు. వడదెబ్బకి ఒక మెట్టు ముందు. ఆ తర్వాత మెట్టు ఎక్కితే మాట తడబడుతుంది, మనిషి ఎక్కడున్నాడో తెలియకుండా మాట్లాడతాడు, తూలతాడు. ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటిన సంగతి అప్పుడు థర్మామీటర్ పెట్టి తెలుసుకోనక్కర్లేదు. వెంటనే 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపు నీడలో పడుకోబెట్టి, చొక్కా విప్పేసి, దొరికిన నీళ్ళన్నీ ఒంటి మీద పోస్తూ విసరాలి. మెడ, చంకలు, తొడల మూలల దగ్గర తడిగుడ్డలు పెట్టాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో మాత్రం నీళ్ళు పోయకూడదు.

నీళ్ళ దగ్గర మీ ఫ్రెండ్స్ ప్రేమతోనే చెప్పారు కానీ, గంటలో 3 లీటర్ల వట్టి నీళ్ళు తప్పు. నాలుగు రోజులుగా చెమటతో ఉప్పు పోగొట్టుకున్న ఒంట్లో అన్ని నీళ్ళు ఒక్కసారిగా పోస్తే రక్తంలో సోడియం పలచబడిపోతుంది. తలనొప్పి, వాంతి, మత్తు, మరీ ఎక్కువైతే ఫిట్స్ కూడా వస్తాయి. నీ తలనొప్పి పెరగడానికి అదే కారణమై ఉండొచ్చు. నేను డాక్టర్ని కాను, హైస్కూల్లో పీఈటీ మాస్టారుగా రిటైరైనవాణ్ణి. ఓసారి రక్తపరీక్ష చేయించుకుని డాక్టరుకి ఈ కథంతా చెప్పు.

తాగాల్సింది ఏమిటంటే, ఓఆర్‌ఎస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ప్యాకెట్ మీద రాసి ఉన్న పొడి కొను. లీటరుకి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, కాస్త పొటాషియం, సిట్రేటు ఉండే మందు అది. ఎన్ని నీళ్ళలో కలపమన్నారో సరిగ్గా అన్నింట్లోనే కలుపు. రుచిగా ఉందని చిక్కగా, బాగోలేదని పలచగా కలుపుకోకూడదు. అట్టపెట్టెల్లో స్ట్రా పెట్టి అమ్మే తియ్యటి పానీయాలు దానికి బదులు కావు. కొబ్బరిబొండం మంచిదే, కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. పక్కన కాసిని ఉప్పు పల్లీలు నమలాలి. పల్చటి మజ్జిగలో ఉప్పు, చోడి అంబలిలో ఉప్పు, ఇవి మనవాళ్ళు ఏ ఫార్ములా చూడకుండానే తాగుతున్నారు. తాటిముంజలు తిను, దాహానికి బావుంటాయి, కానీ వాటితోనే పని జరిగిపోతుందనుకోకు.

మా ఇల్లు మర్రిపాలెంలో, హైవేకి దగ్గర్లో. మే నెల మధ్యాహ్నాల్లో బ్యాగులు కట్టుకున్న సైకిళ్ళు కనిపిస్తే ఆపి మజ్జిగ ఇవ్వడం నాకలవాటు. ముందు మొహం చూడను, వీపు చూస్తాను. నల్ల టీషర్టు మీద భుజాల నుంచి నడుము దాకా తెల్లటి ఉప్పు చారలు మ్యాపులో నదుల్లా గీసి ఉంటాయి. అది ఎండిపోయి ఉండి, మెడ మీద కొత్త చెమట లేకపోతే నాకు టెన్షన్ మొదలవుతుంది. "ఏ ఊరు బాబూ, రాత్రి ఎక్కడ పడుకున్నారు?" అని అడుగుతాను. తడుముకోకుండా చెప్తే మజ్జిగ ఇచ్చి పంపిస్తాను. ఊరి పేరు కోసం ఆలోచిస్తే మాత్రం సైకిల్ గేటు లోపల పెట్టించి ఫ్యాను కింద కూర్చోబెడతాను. "ఇంటికొచ్చేశాం అంకుల్, ఇంకెంత" అని గొడవ చేస్తారు. చేసుకోనీ.

మీ ముగ్గురి అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. మొదటి రోజు హైదరాబాద్‌లో చీకటితో లేచి ఉంటారు. చివరి రోజుకి వచ్చేసరికి "వంద కిలోమీటర్లేగా" అని ఎనిమిదింటికి బయల్దేరారు. మే నెలలో విశాఖలో ఐదున్నరకి ముందే తెల్లారిపోతుంది. ఎనిమిదంటే మనకి సగం మధ్యాహ్నం. అన్నవరం నుంచి బీచ్ రోడ్డుకి దాదాపు 120 కిలోమీటర్లు. నన్నడిగితే దాన్ని రెండు ముక్కలు చేస్తాను. తెల్లవారుజామున 4 గంటలకు ముందూ వెనకా లైట్లు వేసుకుని బయల్దేరితే తుని, నక్కపల్లి, ఎలమంచిలి దాటుకుని తొమ్మిదిన్నరకల్లా అనకాపల్లి. దర్శనం ముందు రోజు సాయంత్రమే అయిపోవాలి. అనకాపల్లిలో లాడ్జి తీసుకుని కడుపునిండా తిని నిద్రపోండి. సాయంత్రం బెల్లం మార్కెట్ వైపు తిరిగి ఇంటికి రెండు దిమ్మలు కొనుక్కోండి. మర్నాడు మళ్ళీ చీకటితో లేస్తే ఏడున్నరకల్లా కురుసుర సబ్‌మెరైన్ ముందు ఫోటో. మధ్యాహ్నం ఫోటోలో అందరి కళ్ళూ మూసుకునే ఉంటాయి. ఒక రోజు సెలవు ఎక్కువ పడుతుంది, నిజమే. ఆ ఒక్క రోజు సెలవు లేనివాళ్ళు రాజమండ్రిలో రైలెక్కండి, నాకేం అభ్యంతరం లేదు.

ప్రశ్న: మాస్టారు గారూ, మా అబ్బాయి విజయవాడ నుంచి సైకిల్ మీద ఇంటికి వస్తున్నాడు. రాగానే బిర్యానీ పెడదామని అనుకున్నాను. ఎండన పడి వచ్చినవాడికి చన్నీళ్ళ స్నానం పనికిరాదు, పక్షవాతం వస్తుందని మా అత్తగారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, సీతమ్మధార

జవాబు: అమ్మా, మే నెలలో మీ మేడ మీద ట్యాంకు నీళ్ళని చన్నీళ్ళంటే మీ అత్తగారే నమ్మరు. నడుచుకుంటూ నవ్వుకుంటూ వచ్చినవాడు పది నిమిషాలు ఫ్యాను కింద కూర్చుని మామూలు పంపు నీళ్ళతో స్నానం చేయొచ్చు. నిజంగా వడదెబ్బ తగిలినవాడికైతే చల్లటి నీళ్ళే వైద్యం, పెద్దావిడకి నా మాటగా చెప్పండి.

బిర్యానీ రాత్రికి పెట్టండి. ముందు ఉప్పేసిన మజ్జిగ, ఓ గంటాగి పెరుగన్నం, పక్కన ఆవకాయ. ఆవకాయలో ఉప్పు ఆ రోజుకి వాడికి మందే. మీరు గమనించాల్సింది ఇంకొకటుంది, అడగడానికి మొహమాటపడకండి. మూత్రం గడ్డి రంగుకి వచ్చిందా లేదా అని సాయంత్రం అడగండి. ముదురు పసుపుగా ఉంటే ఇంకా తాగాలి. కోలా రంగులో వచ్చినా, తొడలు ముట్టుకోనివ్వనంత నొప్పిగా ఉన్నా అది కండరాలు దెబ్బతిన్న గుర్తు, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఒళ్ళు నొప్పులని మందుల షాపులో ఇబుప్రోఫెన్ లాంటి బిళ్ళలు తెచ్చి వేయకండి. నీళ్ళు తగ్గిపోయిన ఒంట్లో అవి కిడ్నీల మీద పడతాయి.

ప్రశ్న: ఎండకి ట్యూబులో గాలి వ్యాకోచించి పేలిపోతుందట కదా? మధ్యాహ్నం తొక్కేటప్పుడు గాలి తగ్గించుకోమంటున్నారు. నాకు లాంగ్ రైడ్‌లో చివరి రోజే పంచర్లు ఎక్కువ పడుతున్నాయి.
– వి. ఎస్., గాజువాక

జవాబు: పొద్దున్న 30 డిగ్రీల్లో 60 పౌండ్లు పెట్టిన టైరు, మధ్యాహ్నం రోడ్డు మీద 60 డిగ్రీలకి వేడెక్కిందనుకో, గాలి ఏడెనిమిది పౌండ్లు పెరుగుతుంది. మంచి టైరు దాన్ని లెక్కచేయదు. టైరు మీద రాసిన గరిష్ఠ అంకెకి పది పౌండ్లు తక్కువగా పెట్టుకుంటే చాలు. అంతకన్నా తగ్గించి తొక్కితే గుంతలో పడినప్పుడు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటేసినట్టు రెండు చిల్లులు పడతాయి.

నీ పంచర్లకి కారణం ఎండ కాదు, లారీ టైర్లు. హైవే మీద పేలిన లారీ టైర్ల ముక్కలు అంచున పడి ఉంటాయి చూడు. వాటిలోని ఉక్కు తీగ ముక్కలు వెంట్రుకంత సన్నగా, సగం గోరంత పొడవుగా రాలి ఉంటాయి. సైకిల్ వాళ్ళు వెళ్ళేది ఆ అంచునే. తీగ టైరులో దిగి అక్కడే ఉండిపోతుంది, నువ్వు ట్యూబు మార్చి గాలి కొడితే కొత్త ట్యూబుని కూడా పొడుస్తుంది. చివరి రోజుల్లో పంచర్లు ఎక్కువ కావడం అందుకే, మొదటి రోజు నుంచీ ఎక్కించుకున్నవన్నీ ఒక్కొక్కటిగా లోపలికి దిగుతుంటాయి.

రాత్రి లాడ్జిలో టైరు విప్పి, లోపలి వైపు దూది ఉండతో నెమ్మదిగా చుట్టూ తుడువు. తీగ ఉన్నచోట దూది పీచు పట్టుకుంటుంది. వేలితో మాత్రం తడమకు, గోరు సందులో దిగితే మర్నాడు బ్రేకు పట్టలేవు. అక్కడ టైరుని వెనక్కి వంచితే తీగ మొన బయటికొస్తుంది, కనుబొమ్మలు పీకే చిన్న పట్టకారుతో లాగేయొచ్చు. ప్యాచీ వేసేటప్పుడు సొల్యూషన్ మెరుపు పోయి మసకబారేదాకా ఆగు. ఎండలో తొందరగా ఆరుతుంది, ఎండ చేసే మేలు నాకు తెలిసి అదొక్కటే.

ప్రశ్న: రాజమండ్రి నుంచి వస్తున్నాం. అనకాపల్లి దగ్గర కొత్త ఆరు లైన్ల రోడ్డు ఎక్కాలా, పాత రోడ్డులోనే రావాలా?
– పి. బి., రాజమహేంద్రవరం

జవాబు: కొత్త రోడ్డు మిమ్మల్ని సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురం తీసుకుపోతుంది, ఊళ్ళోకి తీసుకురాదు. శ్రీకాకుళం వెళ్ళేవాళ్ళకి, భీమిలిలో ముగించాలనుకునేవాళ్ళకి అది బాగుంటుంది, కాకపోతే నీడ వెతుక్కోవాలి. బీచ్ రోడ్డుకి రావాలంటే పాత రోడ్డే: లంకెలపాలెం, కూర్మన్నపాలెం, గాజువాక, ఎన్‌ఏడీ. కూర్మన్నపాలెం దగ్గర స్టీల్ ప్లాంటు షిఫ్టు మారే వేళ తగలకుండా చూసుకోండి. గాజువాక నుంచి సింధియా మీదుగా దగ్గరని ఎవరైనా చెప్తే వినకండి, పోర్టు లారీల మధ్య ఇరుక్కుంటారు. ఎన్‌ఏడీలో ఫ్లైఓవర్ ఎక్కకుండా కింద నుంచే రండి. తర్వాత మర్రిపాలెం, అక్కడ మజ్జిగ ఎక్కడ దొరుకుతుందో పైనే రాశాను.

ప్రశ్న: బీఆర్‌ఎంలో (గడువు పెట్టి నడిపే లాంగ్ సైకిల్ రైడ్‌లో) 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు ఇస్తారు. నేను పదకొండు గంటల్లోనే పూర్తిచేశాను. అలాంటప్పుడు మే నెలలో అన్నవరం నుంచి విశాఖ ఒక్క పూటలో రాలేనా?
– ఎమ్. టి., విద్యార్థి, ఆంధ్ర విశ్వవిద్యాలయం

జవాబు: ఆ 200 ఏ నెలలో తొక్కావో రాయలేదు. జనవరి అయి ఉంటుంది. రాగలవు, తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరితే. తొమ్మిదిన్నరకి ఎక్కడుంటే అక్కడ దిగిపోతానని బయల్దేరే ముందే మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పు. ఫ్రెండ్స్‌కి చెప్తే లాభం లేదు.

ప్రశ్న: నాలుగో రోజు నుంచి రెండు చేతుల్లో చిటికెనవేలు, ఉంగరంవేలు తిమ్మిరెక్కుతున్నాయి. గుండెకి సంబంధించిందా?
– ఎన్., పెదగంట్యాడ

జవాబు: రెండు చేతుల్లో ఆ రెండు వేళ్ళే అంటున్నారు కాబట్టి చాలావరకు హ్యాండిల్ ఒత్తిడే. అరచేతి మడమ దగ్గర వెళ్ళే అల్నార్ నరం నలుగుతోంది. సీటు ముక్కు కిందికి వంగి ఉందేమో చూడండి, ఉంటే ఒంటి బరువంతా చేతుల మీద పడుతుంది. సమంగా చేసి, గ్రిప్పు మీద మెత్తటి టేపు చుట్టి, పావుగంటకోసారి చేతులు మార్చి పట్టుకోండి. ఇంటికొచ్చిన రెండు మూడు వారాలకీ తగ్గకపోతే, లేదా చొక్కా గుండీ పెట్టుకోలేకపోతే నరాల డాక్టరుకి చూపించండి. ఛాతీలో నొప్పి, ఆయాసం కూడా ఉంటే మాత్రం నా జవాబు కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ప్రశ్న: విశాఖలో రైడ్ ముగించాక సైకిల్‌ని రైల్లో హైదరాబాద్ పంపాలి. ఎలా?
– ఎస్. కె., కూకట్‌పల్లి

జవాబు: స్టేషన్‌లో పార్శిల్ ఆఫీసుకి రైలు టైముకి బాగా ముందే వెళ్ళండి. మీ టికెట్టు, గుర్తింపు కార్డు జిరాక్సులు ఉంచుకోండి. పెడళ్ళు విప్పి, హ్యాండిల్ పక్కకి తిప్పి, గేర్లున్న వైపు గోనెపట్టా రెండు చుట్లు చుట్టించండి. పేరు, ఫోన్ నంబరు, ఎక్కించే స్టేషను, దింపే స్టేషను అట్టముక్క మీద రాసి రెండు చోట్ల కట్టండి, ఒకటి ఊడిపోతుంది. లైట్లు, పంపు, బాటిళ్ళు తీసి మీ దగ్గరే పెట్టుకోండి. రసీదు పోగొట్టుకోకండి, దింపుకునేటప్పుడు ముందు అడిగేది అదే.